విశాఖలో ఉంటూ అరకు కాఫీ రైతుకు న్యాయమైన ధర అందేలా కాఫీ కొనడం ఎలా

విశాఖపట్నంలో కాఫీ తాగేవారికి ఉన్న వెసులుబాటు దేశంలో చాలా నగరాల వారికి లేదు. ఉదయాన్నే కిరండూల్ పాసింజరు ఎక్కితే శృంగవరపుకోట దాటి, ఘాట్‌లోని సొరంగాలన్నీ గడిచి, మధ్యాహ్నం భోజనాల వేళకు ముందే అరకులో దిగవచ్చు. రోడ్డు మార్గాన వెళ్లేవారికి అనంతగిరి దగ్గరే సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ మొక్కలు కనిపిస్తాయి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసినప్పుడు అరకు, పాడేరు అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లాయి గానీ, ఏజెన్సీకీ ఈ నగరానికీ మధ్య రాకపోకలు, లావాదేవీలు ఎప్పటిలాగే సాగుతున్నాయి. ఇంత దగ్గరలో పండే పంటే అయినా, వంటింట్లో డబ్బాలో ఉన్న పొడి ఏ ఊరి చెట్లదని, ఆ చెట్లను సాకిన కుటుంబానికి కిలోకు ఎంత ముట్టిందని అడిగితే చెప్పగలిగిన ఇల్లు నగరంలో అరుదు. మా ఇల్లు కూడా కొన్నేళ్ల కిందటి వరకూ అలాంటిదే.

ఇంటికి కాఫీ పొడి కొనేవారికీ, నలుగురైదుగురు కలిసి నేరుగా తెప్పించుకోవాలనుకునేవారికీ, ఆఫీసు క్యాంటీనో టిఫిన్ హోటలో నడిపేవారికీ పనికివస్తుందన్న ఆశతో ఇది రాస్తున్నాను. ప్యాకెట్ మీద అచ్చువేసిన గుర్తు చూసి రైతుకు న్యాయం జరిగిందని నిర్ధారించుకోవడం కుదరదన్నది నా అనుభవం. పంట ఏ రూపంలో, ఏ కాటా మీద, ఏ రోజున, ఎంతకు చేతులు మారిందో తెలిసినప్పుడే ఆ సంగతి తేలుతుంది. గుర్తులు ఆ వివరం రాబట్టడానికి సాయపడతాయి, అంతవరకే.

ముందుగా వేసుకోవలసిన లెక్క

ఒక కిలో పొడి వెనుక ఎంత పంట ఉందో తెలియకుండా ధర గురించి మాట్లాడలేము. ఏజెన్సీలో అరబికా కోత సుమారుగా నవంబరులో మొదలై ఫిబ్రవరి దాకా సాగుతుంది. ఒకే కొమ్మ మీద పచ్చికాయ, దోరకాయ, పండు మూడూ ఉంటాయి కనుక, ఎర్రగా పండినవాటినే ఏరి కోయాలంటే అదే చెట్టు దగ్గరకు మూడు నాలుగు విడతలు రావాలి. కోసిన పండ్లను వీలైనంతవరకు ఆ రోజే పల్పర్‌లో వేసి పై తొక్క తీసి, గింజకు అంటుకుని ఉన్న జిగురు విడిచేదాకా పులియబెట్టి, కడిగి, ఎండబెడితే పార్చ్‌మెంట్ కాఫీ అవుతుంది. తొక్క తీయకుండా పండును అలాగే ఎండబెడితే దాన్ని చెర్రీ అంటారు, దానికి ధర తక్కువ.

బాగా ఎండిన పార్చ్‌మెంట్‌ను గుప్పెడు అరచేతిలో పోసుకుని కదిపితే గలగలమని పొడి చప్పుడు వస్తుంది. లేత గోధుమ రంగు పెంకును గోటితో నొక్కితే పెళుసుగా విరిగి ఊడివస్తుంది, లోపల నీలి ఛాయ కలిసిన ఆకుపచ్చ గింజ బయటపడుతుంది. ఆ గింజనే వేయిస్తారు. వేయించినప్పుడు తేమ పోయి బరువులో సుమారు ఆరో వంతు తగ్గుతుంది.

ఇప్పుడు లెక్కకు వద్దాము. వంద కిలోల పండ్ల నుంచి సుమారు 20 కిలోల పార్చ్‌మెంట్ వస్తుంది, పెంకు తీస్తే 16 కిలోల గింజలు మిగులుతాయి, వేయిస్తే 13 కిలోల పైచిలుకు తేలుతుంది. అంటే మనం కొనే ఒక కిలో అసలు సిసలు కాఫీ పొడికి ఏడున్నర కిలోల పండ్లు కావాలి, లేదా కిలోన్నర పార్చ్‌మెంట్ కావాలి. పండు నాణ్యతను బట్టి ఈ నిష్పత్తులు అటూ ఇటూ అవుతాయి గానీ, కొనుగోలుదారుకు ఈ మాత్రం తెలిస్తే చాలు.

దీన్ని రూపాయల్లోకి మార్చి చూద్దాము. ఇక్కడ వేసుకుంటున్నవి లెక్క అర్థం కావడానికి తీసుకున్న గుండ్రటి అంకెలే తప్ప ఈ సీజను ధరలు కావు. రైతు పండ్లను కిలో 50 రూపాయలకు చెట్టు దగ్గరే అమ్మేశాడనుకుంటే, మన కిలో పొడికి ఆ ఇంటికి చేరినది 375 రూపాయలు. అదే రైతు పండ్లను పల్పింగ్ చేసి ఎండబెట్టి పార్చ్‌మెంట్‌ను కిలో 400 చొప్పున అమ్మితే చేరేది 600 రూపాయలు. మధ్యలో ఉన్న 225 రూపాయలు పల్పర్‌కూ, నీటికీ, వారం పది రోజులు కళ్లంలో గింజను తిరగేస్తూ, మంచు పడకుండా సాయంత్రం కప్పుతూ, పొద్దున్నే మళ్లీ తీస్తూ చేసే చాకిరీకి దక్కే ప్రతిఫలం. ఆ పని రైతు ఇంట్లోనో రైతుల సంఘంలోనో జరిగితే డబ్బు అక్కడే నిలుస్తుంది. పండ్లు కొనుక్కుపోయిన వ్యాపారి దగ్గర జరిగితే అతనికి వెళుతుంది. అందుకే “రైతుల దగ్గర నేరుగా కొంటున్నాము” అని ఎవరైనా చెప్పినప్పుడు మొదట అడగవలసినది కొన్నది పండ్లా, పార్చ్‌మెంటా అన్న ప్రశ్న. ఈ ఒక్క ప్రశ్నకు తడుముకోకుండా జవాబు చెప్పగలిగిన దుకాణదారు మిగతా విషయాల్లోనూ సాధారణంగా నిజమే చెబుతాడు.

చికోరీ సంగతి కూడా ఈ లెక్కలోనే వస్తుంది. ఫిల్టర్ కాఫీలో చికోరీ రుచి అలవాటైనవారిని నేను తప్పుపట్టను. అయితే చికోరీ మన కొండల పంట కాదు, ప్రధానంగా గుజరాత్, ఉత్తరప్రదేశ్ రాష్ట్రాల్లో పండుతుంది. మిశ్రమంలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలని, రెండింటి శాతాలనూ ప్యాకెట్ మీద ముద్రించాలని ఆహార భద్రతా నిబంధనలు చెబుతున్నాయి. 53 శాతం కాఫీ, 47 శాతం చికోరీ ఉన్న కిలో ప్యాకెట్ వెనుక ఏడున్నర కిలోలు కాదు, నాలుగు కిలోల పండ్లే ఉంటాయి. మా ఇంట్లో చాలాకాలం వాడిన ప్యాకెట్ ముందువైపు కొండలు, పొగమంచు, గిరిజన స్త్రీ బొమ్మ, పెద్ద అక్షరాలతో అరకు పేరు ఉండేవి. ఒకరోజు డబ్బాలోకి ఒంపుతూ వెనుకవైపు సన్న అక్షరాలు చదివితే దానిలో దాదాపు సగం చికోరీ అని తెలిసింది. దుకాణం వారు నిబంధన ఏదీ తప్పలేదు, చూడకుండా కొన్నది మేమే. అయినా అన్నేళ్లూ అరకు రైతుకు మేలు చేస్తున్నామని అనుకున్న మాటలో సగమే నిజమని గ్రహించినప్పుడు మనసుకు కష్టం కలిగింది.

కనీస ధర ఎందుకు, ఎలా

కాఫీ ధరను కొండ మీద ఎవరూ నిర్ణయించరు. అరబికా ధర న్యూయార్క్ ఎక్స్ఛేంజీలో పౌనుకు, అంటే అర కిలోకు కొంచెం తక్కువ తూకానికి, ఇన్ని సెంట్లని పలుకుతుంది, ప్రపంచమంతా దాన్నే చూస్తుంది. ఎగుమతి, దిగుమతి దేశాలు 1962లో ఒక అంతర్జాతీయ ఒప్పందం చేసుకుని కోటాల ద్వారా ధరను నిలబెట్టేవి. 1989లో ఆ కోటాలు కూలిపోయాయి. మన దేశంలో రైతులు పంటంతా కాఫీ బోర్డుకే అప్పగించే పూల్ పద్ధతి కూడా 1990లలో దశలవారీగా ముగిసింది. దాంతో రైతుకు ఇష్టమొచ్చిన చోట అమ్ముకునే స్వేచ్ఛ వచ్చింది, ధర పడిపోతే ఆదుకునే గోడ పోయింది. 2001లో అరబికా ధర పౌనుకు 50 సెంట్ల కంటే కిందికి దిగింది, 2025 ఆరంభంలో 4 డాలర్లు దాటింది. కాఫీ మొక్క నాటిన మూడు నాలుగేళ్లకు గానీ కాపుకు రాదు కనుక, ధర పడిన ఏడాది వరి రైతులా పంట మార్చుకోవడం కాఫీ రైతుకు సాధ్యం కాదు.

ఈ ఒడుదొడుకుల నుంచి చిన్న రైతును కాపాడాలన్న ఆలోచనతోనే 1988లో నెదర్లాండ్స్‌లో, మెక్సికో రైతుల కాఫీతో, మొదటి న్యాయ వాణిజ్య ముద్ర వచ్చింది. నేటి ఫెయిర్‌ట్రేడ్ ముద్ర ఆ వరసలోదే. కడిగి ఎండబెట్టిన అరబికాకు ఫెయిర్‌ట్రేడ్ కనీస ధర చాలా ఏళ్లు పౌనుకు 1.40 డాలర్లుగా ఉండి, 2023 ఆగస్టు నుంచి 1.80 డాలర్లు అయింది. కిలో గింజలకు అది నాలుగు డాలర్లకు కొంచెం తక్కువ. సేంద్రియ కాఫీకి పౌనుకు మరో 40 సెంట్లు కలుపుతారు. వీటికి పైన పౌనుకు 20 సెంట్ల ప్రీమియం ఉంటుంది; దాన్ని ఎలా ఖర్చు పెట్టాలో సంఘం సభ్యులే సర్వసభ్య సమావేశంలో తేల్చుకోవాలి, అందులో కనీసం 5 సెంట్లు దిగుబడికీ నాణ్యతకూ వెచ్చించాలి. మార్కెట్ ధర కనీస ధర కంటే ఎక్కువగా ఉంటే మార్కెట్ ధరే చెల్లించాలి.

ఇక్కడ రెండు విషయాలు జాగ్రత్తగా గమనించాలి. ఒకటి, ఈ కనీస ధర సహకార సంఘానికి ఎగుమతి దశలో అందేది. సంఘం తన రవాణా, శుద్ధి, సిబ్బంది ఖర్చులు తీసుకున్నాకే సభ్యుడికి పంచుతుంది. రెండు, మార్కెట్ మంచి ఊపులో ఉన్న ఏడాది కనీస ధర నిబంధనకు పని ఉండదు. ఆ సంవత్సరం ఎవరైనా మంచి ధరే ఇస్తారు, ఇవ్వక తప్పదు. కనుక అమ్మేవారిని “ఈ ఏడాది ఎంత ఇచ్చారు” అని అడగడంతో పాటు, “ధర పడిపోయిన ఏడాది ఎంతకు తగ్గకుండా ఇస్తామని రైతులకు మాట ఇచ్చారు” అని కూడా అడగాలి. నా దృష్టిలో రెండవ ప్రశ్నే ముఖ్యమైనది.

ప్యాకెట్ మీది గుర్తులను చదవడం

అరకు వ్యాలీ అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ గుర్తు ఉంటే గింజ ఆ ప్రాంతానిదని నమ్మవచ్చు. రైతుకు ఎంత ఇచ్చారన్న సంగతి ఆ గుర్తు చెప్పదు, చెప్పడం దాని పని కాదు. సేంద్రియ ముద్రలు సాగు పద్ధతి గురించి చెబుతాయి. ఆకుపచ్చ కప్ప బొమ్మ ఉన్న రెయిన్‌ఫారెస్ట్ అలయన్స్ ముద్ర పర్యావరణం, పని పరిస్థితుల మీద దృష్టి పెడుతుంది, కానీ ఫెయిర్‌ట్రేడ్‌లోలాగా దానిలో కనీస ధర హామీ లేదు. న్యాయంగా కొన్నామని కంపెనీ తన మాటల్లో రాసుకున్న వాక్యానికీ, బయటి తనిఖీకి లోబడిన ముద్రకూ తేడా ఉందని కూడా గుర్తుంచుకోవాలి.

అలాగని ముద్ర లేనివారంతా అన్యాయం చేస్తున్నారని కాదు. కాఫీ విషయంలో ఫెయిర్‌ట్రేడ్ ధ్రువీకరణ చిన్న రైతుల సంఘాలకే ఇస్తారు, దానికి ఏటా తనిఖీ రుసుము, లెక్కల పుస్తకాలు, వాటిని చూసుకునే మనిషి కావాలి. ముప్పై నలభై కుటుంబాల చిన్న సంఘానికి ఆ ఖర్చు మోయలేనంత అవుతుంది. అలాంటి సంఘం దగ్గర ముద్ర ఉండదు, రసీదు పుస్తకం మాత్రం ఉంటుంది. ఆ పుస్తకం చూపిస్తే చాలు.

నగరంలో ఎక్కడ, ఎలా అడగాలి

పోల్చి చూసుకోవడానికి అందరికీ తెలిసే ధర ఒకటి కావాలి. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ ప్రధాన కార్యాలయం విశాఖలోనే ఉంది. మనమంతా జీసీసీ అని పిలిచే ఆ సంస్థ ఏజెన్సీలో కాఫీ కొంటుంది, సొంత దుకాణాల్లో పొడి అమ్ముతుంది. పార్చ్‌మెంట్‌కు ఇంత, చెర్రీకి ఇంత అని అది ప్రకటించే కొనుగోలు ధరలు పత్రికల్లోనూ వస్తాయి. మీరు పొడి ఎక్కడ కొన్నా సరే, ఆ సీజను జీసీసీ ధరను ఒక కాగితం మీద రాసి పెట్టుకోవాలి. ప్రైవేటు వ్యాపారి అంతకంటే ఎక్కువ ఇచ్చానంటే మంచిదే, ఎంత ఎక్కువో చెప్పమనాలి. కాఫీ బోర్డు తన వెబ్‌సైటులో ప్రకటించే మార్కెట్ ధరలు కూడా చూడవచ్చు. అయితే అక్కడ పార్చ్‌మెంట్‌కు ఇచ్చేది 50 కిలోల బస్తా ధర అన్నది మరచిపోతే లెక్క తప్పుతుంది.

పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం 1995లో వచ్చాక ఏజెన్సీలో రైతులే సభ్యులుగా కాఫీ సంఘాలు ఏర్పడ్డాయి. నాంది ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ తోడ్పాటుతో పెరిగిన “అరకు కాఫీ” అనే బ్రాండు 2017లో పారిస్‌లో దుకాణం తెరిచే దాకా వెళ్లింది. ఇలాంటి కాఫీకి ఖరీదు ఎక్కువే. ఖరీదు ఎక్కువైనంత మాత్రాన రైతు వాటా ఎక్కువని అనుకోనక్కరలేదు, తక్కువని అనుమానించనూ అక్కరలేదు. పైన చెప్పిన ఏడున్నర కిలోల లెక్కతో ఎవరినైనా ఒకే తీరున అడగవచ్చు.

నగరంలో వేయించి పొడి పట్టి ఇచ్చే దుకాణాల వారిని, కొత్తగా వచ్చిన చిన్న రోస్టర్లను అడిగేటప్పుడు తనిఖీ అధికారిలా కాకుండా మామూలుగా మాట్లాడాలి. ఏ మండలం, ఏ ఊరు, పండ్లా పార్చ్‌మెంటా, కిలో ఎంత, తరుగు ఎంత తీశారు, డబ్బు ఎన్ని రోజులకు ఇచ్చారు అని వరసగా అడిగితే చాలు. “మా సొంత ఎస్టేట్ అరకులో ఉంది” అన్న జవాబు వస్తే ఇంకొక ప్రశ్న వేయాలి. మనం 1/70 అని పిలుచుకునే చట్టం ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమిని గిరిజనేతరులకు బదలాయించడం చెల్లదు, కౌలు కూడా ఆ బదలాయింపు కిందికే వస్తుంది. అటవీ అభివృద్ధి సంస్థ తోటలు ప్రభుత్వానివి కనుక ఆ సంగతి వేరు. మిగతాచోట పట్టా ఎవరి పేర ఉందో, సాగు ఎవరిదో అడగడంలో మర్యాద తప్పేది ఏమీ లేదు. సొంత పొలంలో తానే కూలీగా మిగిలిన మనిషి కోసిన కాఫీకి న్యాయమైన ధర అన్న మాట అతకదు.

పది ఇళ్లు కలిసి నేరుగా తెప్పించుకోవడం

ఎంవీపీ కాలనీలో మా వీధివారము పన్నెండు ఇళ్లం కలిసి కొన్నేళ్లుగా ఈ పద్ధతిలో కాఫీ తెప్పించుకుంటున్నాము. రైతుబజారుకు వెళ్లి వస్తూ మాట్లాడుకున్న మాటల్లోంచి పుట్టిన ప్రయత్నమిది. మేము చేసిన తప్పులు ఇంకొకరు చేయకుండా ఉండేందుకు ఈ భాగం కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందు ఎంత కావాలో తేల్చుకోవాలి. ఇంటికి నెలకు సగటున 800 గ్రాముల చికోరీ కలపని పొడి అనుకుంటే, పన్నెండు ఇళ్లకు ఏడాదికి సుమారు 115 కిలోలు అవుతుంది. దానికి 170 కిలోల పైచిలుకు పార్చ్‌మెంట్ కావాలి. ఇది కొద్ది కుటుంబాల పంట. ఒక్క రైతుతో కాకుండా ఊరి సంఘంతోనో, మహిళా బృందంతోనో మాట్లాడుకోవడం మేలు. ఒకరి తోటలో కాపు తగ్గినా ఇంకొకరిది అందుతుంది, లెక్క పదిమంది ఎదుట జరుగుతుంది.

మాట్లాడుకోవలసిన సమయం కోతకాలం కాదు, వానాకాలం. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో పాత పంట డబ్బు అయిపోయి, కొత్త పంట ఇంకా చేతికి రాక, ఏజెన్సీ ఇళ్లలో ఖర్చులకు కటకటగా ఉంటుంది. దళారి ఆ రోజుల్లోనే వచ్చి వెయ్యో రెండు వేలో చేతిలో పెట్టి, చెట్టు మీద ఇంకా పచ్చిగా ఉన్న పంటను తన ధరకు రాయించుకుంటాడు. డిసెంబరులో మనం ఎంత మంచి ధరతో వెళ్లినా ఆ పంట అప్పటికే మరొకరిది. కనుక అనుకున్న మొత్తంలో కొంత బయానాగా వానాకాలంలోనే, వడ్డీ లేకుండా ఇవ్వాలి. ఫెయిర్‌ట్రేడ్ నియమాల్లోనూ సంఘం కోరితే కొనుగోలుదారు ఒప్పందం విలువలో 60 శాతం వరకూ ముందుగా సమకూర్చాలన్న ఏర్పాటు ఉంది. మేము మూడో వంతు ఇస్తున్నాము. కిలోకు అదనంగా పది రూపాయలు ఇస్తామన్న మాట కంటే, సరైన సమయంలో చేతికందిన ఈ మూడో వంతే ఆ కుటుంబాలకు ఎక్కువ ఉపయోగపడిందని వారే చెప్పారు.

ధరను కాగితం మీద తెలుగులో, అందరికీ అర్థమయ్యే మాటల్లో రాసుకోవాలి. మేము రాసుకునే షరతు ఇది: ఆ సీజను జీసీసీ ప్రకటించిన పార్చ్‌మెంట్ ధర మీద ఇంత అదనం, జీసీసీ ధర ఎంత తగ్గినా మేమిచ్చేది ఫలానా మొత్తానికి తగ్గదు. ఆ కనిష్ఠ మొత్తాన్ని నిర్ణయించేటప్పుడు పెట్టుబడి ఖర్చుతో ఆగిపోకుండా, కోతకు వచ్చిన కూలీల రోజు కూలిని, ఇంటివారు పెట్టిన రోజులను కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఇంటి ఆడవారి శ్రమకు వెల కట్టకుండా వేసిన ఖర్చు లెక్క ఎప్పుడూ తక్కువే చూపిస్తుంది.

ఇక కాటా దగ్గరకు వద్దాము. మేము మొదటిసారి వెళ్లినప్పుడు ఒక రైతు ఇంటి గుమ్మం ముందు తూకం జరుగుతోంది. వేరే వ్యాపారి మనిషి కొక్కెం కాటాకు గోనెసంచి తగిలించి, ముల్లు ఊగుతూ ఉండగానే అంకె చెప్పి, సంచి బరువు కింద ఒక కిలో, తేమ కింద ఒక కిలో, మట్టీ రాళ్ల కింద మరో అర కిలో తరుగు తీశాడు. 30 కిలోల సంచికి రెండున్నర కిలోలు పోయాయి. ఎదురుగా నిలబడిన ఆ ఇంటావిడ సంచి మూతి విప్పి, గుప్పెడు గింజలు తీసి, రాయి ఎక్కడుందో చూపించమని నెమ్మదిగా అడిగింది. అతను చూడలేదు, తర్వాతి సంచి ఎత్తాడు. అతను పలికిన కిలో ధరలో అన్యాయం కనబడదు. కిలోకు 400 అన్నాడు, చేతిలో పెట్టినది 367 చొప్పున. అందుకే ధర ఎంత అని అడిగినంత గట్టిగా తరుగు ఎంత అని కూడా అడగమంటున్నాను.

అప్పటి నుంచి మేము తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న ఎలక్ట్రానిక్ కాటాను వెంట తీసుకువెళుతున్నాము. ముందు ఖాళీ సంచిని తూచి ఆ బరువే తీసివేస్తాము. తేమను మీటరుతో చూస్తాము. పార్చ్‌మెంట్ 10, 11 శాతం తేమ దగ్గర నిల్వకు పనికివస్తుంది. మీటరు లేకపోతే పెంకు తీసిన గింజను కొరికి చూడాలి, పంటి కింద మెత్తగా నొక్కుకుంటే ఇంకా ఎండాలి. తేమ ఎక్కువగా ఉన్న సంచికి తరుగు తీయము, మరో రెండు రోజులు ఎండబెట్టి ఇవ్వమని అక్కడే ఉంచేస్తాము. తూచిన ప్రతి సంచికీ రెండు ప్రతుల రసీదు రాసి ఒకటి వారికి ఇస్తాము. డబ్బు అదే రోజు, తోట చూసుకునేవారి పేరు మీద. మా కొనుగోళ్లలో ఎక్కువ రసీదులు స్త్రీల పేర్లతోనే ఉన్నాయి, ఎందుకంటే పండు కోసినదీ, ఎండబెట్టినదీ వారే. బ్యాంకు ఖాతాకు పంపితే మంచిదే గానీ, ఆ డబ్బు తీసుకోవడానికి ఒక రోజు కూలి పోగొట్టుకుని దూరం వెళ్లాల్సి వస్తుందేమో అడిగి తెలుసుకోవాలి.

విశాఖకు తెచ్చాక నిల్వ విషయంలో మేము మొదటి ఏడాది పెద్ద పొరపాటు చేశాము. పని ఒకేసారి అయిపోతుందని మొత్తం పార్చ్‌మెంట్‌కు పెంకు తీయించి గింజలుగా పెట్టుకున్నాము. సముద్రపు గాలిలోని తేమకు ఆషాఢం వచ్చేసరికి గింజలు పాలిపోయి, మూత తీస్తే గోనె వాసన వేశాయి. ఒక ఊరివారు నాలుగు నెలలు పడిన కష్టాన్ని మా తొందరతో పాడు చేశామన్న బాధ చాలా రోజులు వదలలేదు. పెంకు ఉన్నంతకాలం అది గింజను కాపాడుతుంది. కనుక పార్చ్‌మెంట్‌గానే, గాలి చొరబడని లోపలి సంచీలో కట్టి, నేలకు తగలకుండా చెక్క పలకల మీద పెట్టి, రెండు నెలలకు సరిపడా మాత్రమే పెంకు తీయించి వేయించుకోవాలి. పెంకు తీసే యంత్రం, వేయించే యంత్రం ఉన్న దుకాణంవారితో కిలోకు ఇంత అని ముందే మాట్లాడుకోవచ్చు. ఇలా తెచ్చినది పంచుకున్నంతవరకే సొంత వాడకం. పొరుగువారికి అమ్మడం మొదలుపెడితే ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ దగ్గర రిజిస్ట్రేషన్ తీసుకోవాలి.

వెళ్లినప్పుడు మిరియాలు కూడా అడగండి. కాఫీకి నీడనిచ్చే సిల్వర్ ఓక్ మొదళ్లకే మిరియం తీగ పాకిస్తారు. ఏడాదికి ఇంటికి అర కిలో మిరియాలు, అదే ఇంటి నుంచి, అదే రసీదు పుస్తకంలో రాసి తెచ్చుకుంటే ఆ కుటుంబానికి రెండో రాబడి అవుతుంది, కాఫీ కాపు తగ్గిన ఏడాది అది ఆదుకుంటుంది.

క్యాంటీన్లు, హోటళ్ల వారికి

ఇక్కడ లెక్క సులువు. ఒక కప్పు ఫిల్టర్ కాఫీకి సుమారు 10 గ్రాముల పొడి పడుతుందనుకుంటే, కిలో పొడికి వంద కప్పులు వస్తాయి. రైతుకు పార్చ్‌మెంట్ మీద కిలోకు 40 రూపాయలు అదనంగా ఇవ్వాలని నిర్ణయించుకుంటే, కిలో పొడికి 60 రూపాయలు, కప్పుకు 60 పైసలు. పాలు, గ్యాసు, అద్దె పెరిగినప్పుడు కప్పు ధర ఇంతకంటే ఎక్కువే పెంచుతున్నాము. టెండరు పిలిచే ఆఫీసులైతే తక్కువ ధర కోట్ చేసినవారికే ఇవ్వాలన్న నిబంధన ఒక్కదానితో ఆగకుండా, సరఫరాదారు తాను కొన్న ఊరు, కొన్న రూపం, చెల్లించిన ధర, చెల్లించిన తేదీ చూపే రసీదుల నకళ్లు జతచేయాలన్న షరతు చేర్చవచ్చు. ఈ షరతు పెట్టినప్పుడు ముందుకు వచ్చేవారి సంఖ్య తగ్గుతుంది, దానికి సిద్ధపడాలి.

మా వీధివారి ఈ ఏటి జాబితా శ్రావణ మాసం మొదటివారంలో రాస్తాము. ఇంటి పేరు, నెలకు ఎంత పొడి, చికోరీ కావాలా వద్దా, బయానా ఎంత కట్టారు అన్న నాలుగు గడులున్న ఒక నోటు పుస్తకమే అది. మీ వీధిలో మొదలుపెట్టాలనుకుంటే అలాంటి పుస్తకం ఒకటి, తూనికల శాఖ ముద్ర ఉన్న కాటా ఒకటి, వానలు కురుస్తుండగానే పాడేరు వైపో అరకు వైపో ఒక ప్రయాణం, ఈ మూడింటితో పని ఆరంభమవుతుంది.